గోల్కొండలో నాన్న చప్పట్లు

గోల్కొండ చూశావా అని ఎవరైనా అడిగితే చూశాననే చెబుతాను. ఎలా ఉంది అని అడిగితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎలా ఉంటుంది, కూలిపోయి ఉంది అనేసి మాట మార్చేస్తాను. అలాంటిది మొన్న చలికాలంలో మా చెల్లెలి కూతురు మా ఇద్దరినీ కారెక్కించి, ఎక్కడికో చెప్పకుండా తీసుకెళ్ళి, సరిగ్గా ఆ కోట గేటు ముందు దింపింది. పెద్దవాళ్ళకి సరదాగా ఉంటుందనుకుంది పాపం, దానికేం తెలుసు. గేటు దాటగానే ఉండే గుమ్మటం కింద బడిపిల్లలు గుంపుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కొట్టినవాళ్ళు కొట్టి, పైన కొండమీద వినపడిందో లేదోనని మెడలు సాచి చూస్తున్నారు. మా చెల్లెలు కాంతానికి చెవులు వినపడవు, మాట లేదు. అది నా మోచెయ్యి పట్టుకుని, ఆ పిల్లల్ని చూపించి, ఏమిటి వీళ్ళ గోల అన్నట్టు చెయ్యి తిప్పింది. తరవాత చెబుతానని సైగ చేశాను. నేను అక్కడే ఒక రాతిమీద కూలబడ్డాను. కళ్ళు తిరిగాయనుకుని మా పిల్ల మంచినీళ్ళ కోసం పరుగెత్తింది.

మాది జగ్గయ్యపేట. బజారులో నాన్నకి ఇత్తడి, కంచు సామాన్ల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఎక్కడ కూర్చున్నా చింతపండు పులుపూ ఇత్తడీ కలిసిన వాసన. అన్నం తినే చేతికీ అదే వాసన, తలగడకీ అదే వాసన. పొద్దున్నే నాయనమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చుని, అమ్మకానికి పెట్టాల్సిన బిందెల్ని చింతపండు గుజ్జుతో దగ్గరుండి తోమించేది. నచ్చకపోతే నోటికొచ్చినట్టు తిట్టి తనే కొంగు దోపి దిగేది. పెళ్ళిళ్ళ రోజుల్లో పెనుగంచిప్రోలు నుంచీ వీరులపాడు నుంచీ రైతులు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ బిందె పైకెత్తి వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేవాళ్ళు. మంచి సరుకైతే ఖంగుమంటుంది, ఎక్కడైనా సన్న పగులుంటే బొంగురుపోతుంది. ఆ బొంగురు నాన్నకి లోపల భోజనం చేస్తుండగా కూడా తెలిసిపోయేది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చి, "అది వద్దులేండి, ఇంకోటి తీసిస్తా" అనేవాడు. మా కొట్టుకి మంచి పేరు రావడానికి ఆయన చెవే కారణం. మా ఇంటికి పట్టిన కష్టానికి కూడా కొంతవరకు అదే కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

కాంతం నాకన్నా ఆరేళ్ళు చిన్నది. మాటల పుట్ట. కొట్టు ముందు చెక్కబల్ల మీద కూర్చుని, వచ్చేపోయే రైతుల్ని ఏ ఊరు, ఎన్ని ఎడ్లు, పెళ్ళి ఎవరికి అని ఆరా తీసేది. బేరానికొచ్చినవాళ్ళు దాని మాటలకి మురిసిపోయి ఇంకో చెంబు కొనుక్కుపోయేవాళ్ళు. దానికి ఐదు నిండి ఆరో ఏడు నడుస్తుండగా విషజ్వరం వచ్చింది. వారాల తరబడి ఒళ్ళు పేలిపోతూనే ఉంది. బతికితే పెనుగంచిప్రోలు తీసుకొస్తానని అమ్మ తిరుపతమ్మకి మొక్కుకుంది. బతికింది. జ్వరం తగ్గి పథ్యం పెట్టిన రోజు నాయనమ్మ వెనక నుంచి, "ఏమే బంగారం, చారన్నం ఎట్టా ఉందే?" అని అడిగితే అది తలెత్తలేదు. నీరసం అనుకున్నాం. మర్నాడు దాని పక్కనే కంచు పళ్ళెం నా చేతిలోంచి జారి నాపరాళ్ళ మీద పడింది. పెరట్లో ఉన్న అమ్మ ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చింది. చాప మీద కూర్చున్న కాంతం మాత్రం నింపాదిగా బత్తాయి తొన పీల్చుకుంటోంది.

బెజవాడలో డాక్టరుకి చూపించారు. జ్వరం చెవి నరాలని తినేసింది, ఇక తిరిగి రాదు అన్నాడాయన. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి కూడా చెప్పాడు. వినికిడి లేని పిల్లకి ఉన్న మాట కూడా నిలవదు, తన గొంతు తనకే వినపడదు గనక ఒక్కొక్క మాటే జారిపోతుంది, ఇప్పుడే చెవిటి పిల్లల బడిలో వేస్తే గొంతు మీద చెయ్యి పెట్టి, పెదాలు చూపించి ఉన్న మాటని నిలబెడతారు, ఏడాది ఆలస్యం చేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు అన్నాడు. నందిగామలో మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, అలాంటి బడి హైదరాబాదులో ఉందని కనుక్కుని వచ్చాడు. పిల్లని అక్కడే ఉంచాలి, ఏడాదికి రెండుసార్లు సెలవులకి ఇంటికి తెచ్చుకోవచ్చు. అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది గానీ పొద్దున్నకి గట్టిపడింది. "చెవులు ఎట్టాగూ పోయినయ్యి. నోరన్నా దక్కించుకుందామండీ," అంది నాన్నతో. నాన్న ససేమిరా అన్నాడు. "దానికి వినపడుతుందే. నాకు తెలుసు. కాస్త మందగించింది, అంతే," అన్నాడు.

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. పొద్దున లేస్తే పరీక్షలే. కాంతం కొట్టు బల్ల మీద కూర్చుని ఉంటే నాన్న పిల్లిలా వెనకనుంచి వచ్చి గంట కొట్టేవాడు, బిందె మీద బిందె వేసేవాడు. ఒక్కోసారి అది నిజంగానే తిరిగి చూసేది. నాన్న మొహం వెలిగిపోయేది, దాన్ని ఎత్తుకుని బజారంతా తిప్పి పిప్పరమెంట్లు కొనిచ్చేవాడు. అమ్మ కనిపెట్టింది అసలు సంగతి. చెక్కబల్ల మీద ఉన్నప్పుడే తిరుగుతోంది, మంచం మీద ఉన్నప్పుడు తిరగడం లేదు. బిందె దెబ్బకి బల్ల అదిరి దాని కాళ్ళకి తెలుస్తోంది. అమ్మ ఆ మాట చెబితే నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఇంకో రోజు పెద్ద గంగాళంలోకి దాని తల వంచి, అంచుకి గడ్డం ఆనించి నిలబెట్టి, లోపలికి నోరు పెట్టి "కాంతం" అని గట్టిగా పిలిచాడు. అది కిలకిలా నవ్వి, "జుమ్మంది నాన్నా," అంది. గడ్డం అదిరిందంతే. నాన్న ఒక్కడే దాన్ని వినికిడి అనుకున్నాడు. ఎంత చిన్న చప్పుడైనా గంగాళంలో పెడితే పెద్దదవుతుందని ఆయన చిన్నప్పటినుంచీ ఎరుగును. కాబట్టి పిల్లకి కావలసింది ఇంకా పెద్ద గంగాళం.

ఆ పెద్ద గంగాళం కబురు హైదరాబాదు నుంచి సరుకు తెచ్చే ఏజెంటు నాన్న చెవిన వేశాడు. గోల్కొండ కోట గేటులో గుమ్మటం ఉందని, దాని కింద చప్పట్లు కొడితే అల్లంత దూరాన కొండ శిఖరం మీద పక్కనే కొట్టినట్టు వినపడుతుందని, నవాబులు శత్రువుల రాకని అలాగే కనిపెట్టేవాళ్ళని చెప్పాడు. వేరేవాళ్ళు వింటే అది విడ్డూరం. నాన్న విన్నాడు గనక అది వైద్యం అయింది. బోర్లించిన గంగాళం కొండంత ఉంటే అందులోంచి వచ్చే చప్పుడు ఎంత మూసుకున్న చెవినైనా తెరుస్తుందని ఆయన తలకెక్కింది. రోజూ అదే మాట. నిద్ర లేదు, కొట్టు మీద ధ్యాస లేదు, కొన్నవాళ్ళ బిందె మీద పేరు తప్పు కొట్టి మాట పడ్డాడు. చివరికి అమ్మే ఒక ఒప్పందానికి వచ్చింది. ఎలాగూ హైదరాబాదు వెళదాం, పిల్ల బట్టల పెట్టె కూడా తీసుకునే వెళదాం. కోట మీద దానికి చప్పట్లు వినపడితే తిరిగి ఇంటికి. వినపడకపోతే అటునుంచి అటే బడికి. నాన్న దేవుడి పటం ముందు నిలబడి సరేనన్నాడు.

నాయనమ్మ ఆ రేకుపెట్టె సర్దుతూ మధ్యమధ్య కాంతాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. పెట్టెలోకి దాని గౌన్లే వెళుతున్నాయి, నావి వెళ్ళడం లేదు. దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పడానికి వీలూ లేదు. కానీ చెవులు పోయిన దగ్గర్నుంచి దాని కళ్ళు మా అందరి మొహాల మీదే ఉండేవి. కోదాడ, సూర్యాపేట దాటి బస్సు పోతున్నంతసేపూ అది కిటికీలోంచి చూడలేదు, కాళ్ళ దగ్గరున్న పెట్టెనే చూస్తూ కూర్చుంది. ఆంధ్రా తెలంగాణా కలిసిన కొత్తరోజులు, ఆ దారిన మేము పోవడం అదే మొదటిసారి. హైదరాబాదులో మావాళ్ళ సత్రంలో దిగాం. మర్నాడు పొద్దున్నే పెట్టె సత్రంలో ఉంచి, గోల్కొండకి బయల్దేరాం.

నేను కోట అంటే సింహాసనాలూ దీపాలూ ఊహించుకున్నాను. వెళ్ళి చూస్తే ఒక ఊరికి ఊరే చచ్చిపోయి పడి ఉంది. చుట్టూ బారులు తీరిన గోడలు, లోపల కప్పుల్లేని గదులు, గదుల్లో మొలిచిన సీతాఫలం చెట్లు, వాటి మధ్య మేకలు. గబ్బిలాల కంపుకి అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. చప్పట్లు కొట్టడానికి నాన్న కిందే ఉండిపోయాడు, మేం ముగ్గురం పైకి బయల్దేరాం. వెనక్కి చూస్తే గుమ్మటం కింద నాన్న మడతపంచె, తెల్ల చొక్కా, ఎంత చిన్నగా కనపడ్డాడో. విడిపోయే ముందు తన ఎర్రంచు కండువా తీసి అమ్మ చేతికిచ్చాడు. "వినపడిందంటే ఇది ఊపు. నేను చప్పట్లు కొట్టి బయటికొచ్చి పైకి చూస్తా," అన్నాడు. అమ్మ, "వినపడకపోతే?" అంది. నాన్న కాంతం నెత్తిన చెయ్యి పెట్టి, దాని చెవుల వెనక జుట్టు సర్దాడు, జుట్టు అడ్డం వస్తే వినపడదేమో అన్నట్టు.

మెట్లు ఎక్కుతూ అమ్మ మూడుచోట్లో నాలుగుచోట్లో కూలబడింది. దారిలో రాళ్ళ మధ్య అమ్మవారి గుడి ఉంటే అక్కడ నిలబడి చాలాసేపు కళ్ళు మూసుకుంది. ఏమని మొక్కుకున్నావని అడిగితే, "ఏమని మొక్కుకోవాలో తెలియలేదే. వినపడాలని మొక్కుకుంటే అబద్ధం. వినపడొద్దని ఏ తల్లి మొక్కుకుంటుంది," అంది. శిఖరం మీద రెండంతస్తుల రాతి మండపం. దాని అంచున నిలబడితే కింద గేటూ, గేటు ముందు ఖాళీ జాగా తేటగా కనపడుతున్నాయి. అమ్మ కాంతాన్ని అటు వీపు పెట్టి గోడవైపు తిప్పి నిలబెట్టింది. వినపడితే చెయ్యెత్తమని సైగ చేసింది. తరవాత నన్ను పట్టుకుని పక్కకి లాగి, "నువ్వు దాని కళ్ళబడమాక. నీ మొహం చూసి కనిపెట్టేస్తుంది," అని తన మొహం మీద కూడా కొంగు కప్పుకుంది.

చప్పట్లు వచ్చాయి. ఎంత స్పష్టంగా వచ్చాయంటే, ఎవరో మండపంలో మా వెనకే నిలబడి కొట్టారనుకుని నేను తిరిగి చూశాను. ఆ ఏజెంటు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కాంతం గోడ మీది నాచుని గోటితో గీకుతోంది. కింద నాన్న బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. కండువా కదలలేదు. మళ్ళీ లోపలికి పరుగెత్తాడు. మళ్ళీ చప్పట్లు, ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. ఎన్నిసార్లు తిరిగాడో నేను చెప్పలేను. పంచె కాళ్ళకి అడ్డంపడి ఒకసారి బోర్లా పడ్డాడు కూడా, లేచి మళ్ళీ లోపలికే పోయాడు. మా ఊళ్ళో గట్టిగా నడిచి కూడా ఎరగని మనిషి. చప్పట్లు వచ్చి వచ్చి ఆ రాళ్ళకి కొట్టుకుంటున్నాయి. నేను చెవులు మూసుకున్నాను. గోడవైపు తిరిగి నిలబడ్డ నా చెల్లెలికి మూసుకునే పని కూడా లేదు, అది హాయిగా నాచు గీక్కుంటోంది. నాకు దానిమీద పట్టరాని కోపం వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

కాసేపటికి కాంతానికి అనుమానం వచ్చినట్టుంది. నాచు గీకడం ఆపేసింది. ఎందుకు నిలబెట్టారో గుర్తొచ్చిందేమో, భుజాలు బిగుసుకున్నాయి. వెనక్కి తిరిగి అమ్మవంక చూసింది. అమ్మ మొహం కొంగు చాటున ఉంది. చూడడానికి ఏమీ దొరకలేదు దానికి. చెయ్యి పైకెత్తి, "వినపడిందమ్మా," అంది. అప్పటికే దాని మాట కొంచెం మొద్దుబారింది గానీ అర్థమవుతూనే ఉంది. అమ్మ గబుక్కున కిందికి చూసింది, నేనూ చూశాను. నాన్న ఆ సమయానికి గేటు బయట ఎండలో నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. చప్పట్లు ఎక్కడా లేవు. కొండమీద గాలి తప్ప ఏమీ లేదు. కాంతం వచ్చి అమ్మ కాళ్ళు కౌగిలించుకుంది. "వినపడిందమ్మా. నిజంగా వినపడింది. పెట్టె వద్దమ్మా. ఇంటికి పోదాం," అంటూనే ఉంది. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలియక అరుస్తోంది. అమ్మ మొహం మీది కొంగు తీసేసింది. నెలల తరబడి నాన్నతో పోట్లాడి బడికి ఒప్పించిన మనిషి, మా ఇంట్లో నిజం ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి, ఆ పిల్ల నెత్తి మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేత్తో కండువా పైకెత్తి ఊపింది.

నాన్న ఆ కొండంతా పరుగెత్తుకుంటూ ఎక్కొచ్చాడు. అరచేతులు ఎర్రగా కందిపోయి వాచి ఉన్నాయి. కాంతాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పుతూ ఏడ్చాడు, నవ్వాడు. అది కూడా నవ్వింది, నాన్న నవ్వుతున్నాడు గదా. దిగేటప్పుడు వాళ్ళిద్దరూ ముందు నడిచారు. వెనక అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం చూళ్ళేదు," అంది. గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు, అడుక్కుంటున్నట్టు అంది. పెట్టె మళ్ళీ బస్సెక్కింది. నాయనమ్మ ఎదురొచ్చి దిష్టి తీసింది. నందిగామ నుంచి మామయ్య వచ్చి, "ఏంటక్కా, నువ్వు కూడానా," అని అడిగితే అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మామయ్య కోపంతో కాఫీ తాగకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. ముందు కొన్ని అక్షరాలు పోయాయి, తరవాత మాటలు పొట్టివయ్యాయి. వీధిలో పిల్లలు వెక్కిరించారు, కాంతం బయట మాట్లాడడం మానేసింది. తరవాత ఇంట్లో వేలితో చూపించడం మొదలుపెట్టింది. అమ్మ ఎదురుగా కూర్చుని "అను, అనవే తల్లీ," అని దాని దవడలు పట్టుకుని బతిమాలేది. ఒకరోజు అన్నం తింటూ, ఇది మాట్లాడి ఎన్నాళ్ళయింది అనుకున్నాను. గుర్తు రాలేదు. దాని చివరి మాట ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇదే చివరిదని చెప్పి ఏ మాటా పోలేదు మరి. నాన్న పరీక్షలు కూడా ఆగిపోయాయి. ఎప్పుడు నమ్మకం పోయిందో ఆయన చెప్పలేదు. ఒకసారి మాత్రం అమ్మని, "ఆరోజు కోట మీద నిజంగానే వినిందా?" అని అడిగాడు. అమ్మ పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసి, "తినండి, చల్లారిపోతోంది," అంది. ఇంకెప్పుడూ అడగలేదు.

కొన్నేళ్ళ తరవాత కాంతాన్ని అదే బడికి పంపారు. చదవడం, రాయడం నేర్చుకుంది. మాట మాత్రం రాలేదు, వేళ దాటిపోయింది అన్నారు. అక్కడే పరిచయమైన అబ్బాయిని పెళ్ళాడింది, నందిగామలో అచ్చాఫీసులో కంపోజిటరు, ఆయనకీ వినపడదు. మంచి కాపురమే చేసింది, పిల్లలు మాటకారులు. ఇప్పుడు పుట్టిన బిడ్డకి ఆసుపత్రి దాటకముందే చెవి పరీక్ష చేస్తున్నారు. కాంతం మనవరాలికి చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. నర్సు చిన్న గొట్టం చెవిలో పెట్టి ఒక్క నిమిషంలో బాగుంది అని చెప్పేసింది. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరి మీద ఏడవాలి? నాన్న మీదా? ఆయనకి చెవి తప్ప వేరే దారి తెలియదు. అమ్మ మీదా? ఆవిడ చివరి రోజుల్లో మంచంలో పడి, చుట్టూ ఉన్నవాళ్ళని గుర్తుపట్టడం మానేశాక కూడా, దుప్పటి కొస పట్టుకుని పైకెత్తి, మళ్ళీ గట్టిగా కిందికి లాక్కునేది. నర్సులు జ్వరం సంధి అనుకున్నారు. నేనేమీ అనుకోలేదు, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇదంతా మొన్న కోట నుంచి వచ్చాక, మా పిల్ల ఇంట్లో, కాంతానికి రాసి చూపించాను. ఒకటి కాదు, చాలా కాగితాలు అయ్యాయి. అది కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది. కోట మీద అమ్మ కొంగు కప్పుకోవడం దానికి గుర్తుందట, వినపడిందని అబద్ధమాడిన సంగతి గుర్తులేదట. అమ్మ మీద కోపమొస్తుందేమోనని నేను దాని మొహమే చూస్తున్నాను. రాలేదు. పెన్ను తీసుకుని, "నా గొంతు ఎలా ఉండేది?" అని రాసింది. ఆ గొంతు విన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. దానికి సంతోషంగా ఉంటుందని, "అచ్చం అమ్మ గొంతే," అని రాశాను. చదివి నవ్వింది. కాగితం మళ్ళీ దగ్గరకి లాక్కుని, దాని కిందే రాసి నాకు తిప్పి చూపించింది.

"అమ్మ గొంతు ఎలా ఉండేదక్కా?"